ట్రాక్టరు ఇంజెక్టర్లు: డీజిల్ కొలత విధానం

దుక్కి కాలంలో ట్రాక్టరు నల్లపొగ వదిలితే సాదలి పరిసర గ్రామాల రైతు తొలుత నాజిల్‌ను మార్పించ జూస్తాడు. అయితే నాజిల్ చిమ్మే తీరు వేరు, సిలిండరుకు అందే డీజిల్ పరిమాణం వేరు. రెంటినీ విడివిడిగా పరీక్షింపవలెను.

నాజిల్‌ను చేతిపంపుకు బిగించి, అది తెరచుకొనే ఒత్తిడిని, తుంపర తీరును, చుక్క కారుటను గమనిస్తారు. పరిమాణాన్ని కాలిబ్రేషన్ యంత్రంపై గాజు కొలగొట్టాలలో పట్టి చూస్తారు. 1,000 చిమ్ములకు 50 మిల్లీలీటర్లు నిండితే, చిమ్ముకు 50 ఘన మిల్లీమీటర్లు అన్నమాట. మూడు గొట్టాలలో 46, 50, 54 వచ్చినచో సగటు సరిపోయినా ఇంజను సరిగా నడవదు. ఒక సిలిండరుకు కొరత, మరొకదానికి మిగులు.

నూనె వేడెక్కితే పలుచబడి కొలత మారుతుంది. కనుక దానిని సాధారణంగా 40 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుపుతారు. నురుగు అణగిన పిదప, కంటిని గీతకు సమంగా ఉంచి చదవవలెను. 1951లో స్థాపితమై 2008లో బాష్‌గా పేరు మార్చుకొన్న మైకో వారి పంపుకైనా, మరే పంపుకైనా తయారీదారు పట్టికయే ప్రమాణం. మరమ్మతు సొమ్ము చెల్లించే ముందు ఆ అంకెలను వ్రాయించుకొనండి.

హెచ్చరిక: చిమ్ముతున్న నాజిల్ ముందు చేయి ఉంచరాదు. డీజిల్ చర్మంలోనికి దూసుకుపోతుంది. గాయం సూదిపోటంతే కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళవలెను.