గండికోట తోప్‌ఖానా: ఒక గుణపాఠం

రాజుపాలెం, జమ్మలమడుగు పొలాలకు పడమట, పెన్నా లోయ అంచున గండికోట గలదు. గోల్కొండ వజీరు మీర్ జుమ్లా 1650లో దీనిని జయించాడు.

ఫిరంగుల రాకతో సైన్య స్వరూపమే మారింది. రౌతులు, విలుకాండ్రు మాత్రమే చాలలేదు. గురిచూసే గోలందాజులు, మందు కలిపేవారు, లోహం పోతపోసేవారు అవసరమయ్యారు. వీరిలో పలువురు సిపాయిలు కారు. జీతానికో, గుత్తకో వచ్చిన పనివారు. దండుకు ఎద్దులపై ధాన్యం చేరవేసిన బంజారాలు సైతం వర్తకులే. వారి బిడారు ఆగితే దండు ఆగేది.

1652లో గండికోటకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే వ్రాసిన దాని ప్రకారం, మీర్ జుమ్లా 20 ఫిరంగుల పోతపనిని మాయే అనే ఫ్రెంచివానికి అప్పగించాడు. అందుకై దేవాలయాల రాగి విగ్రహాలను సైతం పోగుచేయించాడు. ఒక్క ఫిరంగి కూడా సవ్యంగా రాలేదు.

పనివాడు పరదేశీయుడైనందుననే ఇలా జరిగిందనలేము. 1549లో అహ్మద్‌నగర్‌లో మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగిని పోసిన ముహమ్మద్ బిన్ హుసేన్ పేరు చివరి ‘రూమీ’ తుర్కీ సంబంధాన్నే తెలుపుతున్నది. ఆ ఫిరంగి నేటికీ బీజాపూరులో నిలిచియున్నది.

గండికోటలో మాత్రం పొరుగువారు పూజించిన ప్రతిమలు కరిగాయి. కోటకు దక్కినది శూన్యం. హునరును కూలికి తెచ్చుకోవచ్చును. దానిని తూచే జ్ఞానాన్ని, దాని వెల ఎవరు చెల్లిస్తున్నారో చూచే న్యాయబుద్ధిని పాలకుడు స్వయంగా అలవరచుకోవలసినదే.