కళ్లెదుట నేరం: చూసినవారి బాధ్యత (జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల)

నేరం జరిగిన చోట ఉండి, అందులో పాలుపంచుకోని మనిషికి చట్టం ముందు, మనస్సాక్షి ముందు ఉండే బాధ్యత ఈ వ్యాస విషయం. అడ్డుకోవడం, బాధితుణ్ని కాపాడడం, పోలీసులకు చెప్పడం, కోర్టులో సాక్ష్యమివ్వడం అని ఇందులో నాలుగు పనులున్నాయి. భారతీయ చట్టం మొదటి రెండింటినీ మామూలు మనిషి విషయంలో దాదాపు అతని ఇష్టానికే వదిలింది. మూడోదాన్ని కొన్ని నేరాలకే పరిమితం చేసింది. సమన్లు అందితే నాలుగోది తప్పదు. పాత కరీంనగర్ జిల్లాకు చెందిన ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల పల్లెల్లో చూసినవారు నోరు విప్పకపోవడానికి నిర్లక్ష్యం కన్నా భయమే ఎక్కువ కారణం. ఇక్కడి చరిత్రను ఆ భయం వైపు నుంచి చదవాలి.

పాత భావనలు

ఊరిని దోచుకుంటున్నప్పుడు, కట్ట తెగినప్పుడు, దారిదోపిడీ జరుగుతున్నప్పుడు శక్తి ఉండీ పరుగెత్తుకు రానివారిని సామానుతో సహా వెళ్లగొట్టమంటుంది మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం. అన్యాయపు తీర్పు పాపాన్ని నాలుగు పాళ్లు చేసి చేసినవాడికి, సాక్షికి, సభ్యులకు, రాజుకు పంచుతుంది ఎనిమిదో అధ్యాయం. సాక్షితో ప్రమాణం చేయించే తీరును వర్ణాన్ని బట్టి మార్చిందీ ఆ గ్రంథమే. 13వ శతాబ్దంలో తిక్కన ఉద్యోగపర్వం రాస్తూ, కృష్ణ రాయబారంలో ఇదే ప్రశ్నను కౌరవసభ ముందు పెట్టించాడు. ధర్మానికి చేటు కలుగుతుంటే ఆపగలిగి కూడా ఉపేక్షించినవారికే కీడు అన్నది అక్కడి వాదం. అంటే బాధ్యత సమర్థులది. తెలంగాణ పల్లెలో ఆ సమర్థుడు ఎవరన్నదే తర్వాతి కథ.

పోలీసు పటేలు నుంచి జైత్రయాత్ర దాకా

1837లో భారత శిక్షాస్మృతి ముసాయిదా రాసిన మెకాలే, సాయం చేయకపోవడాన్ని నేరంగా చూడడానికి ఒప్పుకోలేదు. కలకత్తా నుంచి మీరట్ వెళ్లి ఆపరేషన్ చేయనన్న వైద్యుడు, ఆ రోగిని బతికించగలవాడు దేశంలో తానొక్కడే అయినా, హంతకుడు కాడని ఆయన ఉదాహరణ. చేయాలని చట్టం ముందే విధించిన పనిని చేయకపోతేనే నేరం. 1860 నాటి స్మృతి ఈ గీత మీదే నిలబడింది. నిజాం రాజ్యానికి సొంత స్మృతులుండేవి. 1951 ఏప్రిల్ 1 నుంచి భారత శిక్షాస్మృతి హైదరాబాద్ రాష్ట్రానికీ వర్తించింది.

ఊళ్లో నేరం జరిగితే పైకి తెలపాల్సిన బాధ్యత అప్పట్లో గ్రామాధికారులది. తెలంగాణలో పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ ఉండేవారు; నేరాల సంగతి చూసేది పోలీసు పటేలు. ఈ పదవులు చాలా ఊళ్లలో భూస్వామి అయిన దొర ఇంట్లోనో, దొర చుట్టాల ఇంట్లోనో ఉండేవి. దొర ఉండే గడి ముందు కూలివాణ్ని కట్టేసి కొట్టినా, వెట్టికి రానివాడి మీద జుర్మానా వేసినా, ఠాణాకు చెప్పాల్సినవాడు కొట్టించినవాడి మనిషే. చూసిన ఊరు నోరు మూసుకున్నదంటే ఇంకెవరికి చెప్పుకోవాలి? గ్రామాధికారుల పదవులను ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1984లో రద్దు చేసింది.

అంతకుముందే ఊళ్లు కదిలాయి. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో వేలాది మంది రైతుకూలీలు చేసిన ప్రదర్శన జగిత్యాల జైత్రయాత్రగా పేరుపడింది. వెట్టిని, అక్రమ జుర్మానాలను ప్రశ్నించిన ఆ ఉద్యమం దొరల మీద సాంఘిక బహిష్కరణను ఆయుధంగా వాడింది. చూస్తూ నిలబడిన చాకలి, మంగలి, జీతగాడు పని మానేయడం ద్వారా పక్షం తీసుకున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో చూసినవాడి పరిస్థితి మరీ ఇరుకున పడింది. చెబితే నక్సలైట్లకు ఇన్ఫార్మర్, చెప్పకపోతే పోలీసులకు సానుభూతిపరుడు. చూసింది బయటపెట్టాలన్న పౌరహక్కుల సంఘం కార్యకర్తలకే రక్షణ లేకపోయింది. జగిత్యాల న్యాయవాది గోపి రాజన్న 1985లో హత్యకు గురయ్యారు.

కుల పంచాయితీ, వీడీసీ

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతంలోనూ నిజామాబాద్ వైపూ గ్రామాభివృద్ధి కమిటీలు (వీడీసీలు) బలంగా ఉన్నాయి. వీటికి చట్టం ఇచ్చిన అధికారమేదీ లేదు. జుర్మానా కట్టని కుటుంబాన్ని వెలివేసి, ఆ ఇంటివారితో మాట్లాడినవారికీ జుర్మానా వేస్తామని ప్రకటించే పద్ధతి వీటిది. ఇలా చూసే జనాన్నే శిక్షలో భాగం చేస్తారు. ఇలాంటి సాంఘిక బహిష్కరణ మీద మహారాష్ట్ర 2016లో ప్రత్యేక చట్టం చేసింది.

2022 జనవరి 20న జగిత్యాల టీఆర్ నగర్‌లో కుల సంఘం సమావేశానికి వచ్చిన తండ్రిని, ఇద్దరు కొడుకులను మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో చంపారు. చూస్తూ ఊరుకునే జనం గురించి మాట్లాడేవారు తరచూ చూపే ఉదాహరణ ఒకటుంది: 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ హత్యను 38 మంది చూసి ఊరుకున్నారని పత్రికలు రాశాయి. ఆ లెక్క అతిశయోక్తి అని తర్వాత తేలింది. ఆ ఘటన తర్వాత లటానే, డార్లీ అనే మనస్తత్వవేత్తలు జనం ఎక్కువైతే ఒక్కొక్కరి బాధ్యత పలచబడుతుందని ప్రయోగాలతో చూపారు. టీఆర్ నగర్‌కు ఆ సిద్ధాంతం సగమే అతుకుతుంది. కుల సమావేశంలో కూర్చున్నవారు ఒకరికొకరు అపరిచితులు కారు.

చట్టం ఏమంటుంది

గుంపులో ఉన్నంత మాత్రాన నేరస్తుడు కాడు. వేడుక చూడడానికి వచ్చినవాడికీ, గుంపు ఉద్దేశంలో పాలుపంచుకున్నవాడికీ తేడా చూడాలని సుప్రీంకోర్టు బలాదీన్, మసాల్తీ కేసుల నాటి నుంచీ చెబుతోంది. అయితే హత్య, దోపిడీ వంటి కొన్ని నేరాలు తెలిసినవారెవరైనా వెంటనే పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పాలని 1973 నేర విచారణ స్మృతి 39వ సెక్షన్ విధించింది. చెప్పకపోవడానికి సబబైన కారణం ఉంటే దాన్ని రుజువు చేసుకునే భారం చెప్పనివాడిదే. విచిత్రమేమంటే ఆ జాబితాలో అత్యాచారం లేదు. 40వ సెక్షన్ పంచాయతీ సభ్యుల మీద మరింత బరువు పెట్టింది. ఊళ్లో అనుమానాస్పద మరణం జరిగితే చెప్పాల్సింది వారు. ఈ విధులు 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 33, 34 సెక్షన్లలోకి వచ్చాయి. పిల్లల మీద లైంగిక నేరం విషయంలో మాత్రం మినహాయింపుల్లేవు: 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన పెద్దవారెవరైనా చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. ఫ్రాన్స్, జర్మనీల్లో ఆపదలో ఉన్నవాడికి సాయపడకపోవడమే నేరం. అలాంటి సాధారణ నిబంధన మనకు లేదు.

ముందుకొచ్చినవాడి గోడు చట్టం చెవిన పడింది ఆలస్యంగా. రోడ్డు ప్రమాద బాధితుణ్ని ఆసుపత్రికి తెస్తే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలన్న భయం పోగొట్టే మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016 మార్చిలో తప్పనిసరి చేసింది. 2019 సవరణతో అలా సాయపడినవారికి రక్షణనిచ్చే 134ఏ సెక్షన్ మోటారు వాహనాల చట్టంలో చేరింది. సాక్షుల రక్షణ పథకాన్ని కోర్టు 2018 డిసెంబర్‌లో ఆమోదించింది. నా దృష్టిలో చెప్పనివాణ్ని శిక్షించే సెక్షన్ కన్నా చెప్పినవాణ్ని కాపాడే ఈ పథకమే ముఖ్యం. ఆ కాపాడే పని 1860 నాటి స్మృతికి 150 ఏళ్లకు పైగా వెనకబడింది.

పొరుగు జిల్లా పెద్దపల్లిలో 2021 ఫిబ్రవరి 17న పట్టపగలు రోడ్డు మీద హైకోర్టు న్యాయవాదులు గట్టు వామనరావు, నాగమణి దంపతులను నరికి చంపారు. దారినపోయేవారు ఫోన్లలో వీడియో తీశారు. చూస్తూ నిలబడ్డారని వారిని నిందించినవారున్నారు; కానీ నెత్తురోడుతూ వామనరావు చెప్పిన మాటలు మిగిలింది ఆ ఫోన్లలోనే. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.