హడ్సన్ లోయ, ట్యూనా చేప, ఒక ఖాళీ విమానం

ఈ ఎపిసోడ్ విన్నవాళ్లకి కథ తెలుసు. విననివాళ్ల కోసం, టైము చాలక వదిలేసిన ముక్కలు కూడా కలిపి ఇక్కడ రాసి పెడుతున్నాం.

న్యూయార్క్‌లో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర్నుంచి ఆగ్నేయంగా సముద్రంలోకి సుమారు 100 మైళ్లు పోతే, అప్పటిదాకా మెల్లగా లోతవుతూ వచ్చిన సముద్రపు నేల ఒక్కసారిగా తెగి కిందకి దిగిపోతుంది. దాన్ని హడ్సన్ కాన్యన్ అంటారు. 350 మైళ్ల పొడవు, కొన్నిచోట్ల ఏడున్నర మైళ్ల వెడల్పు, రెండు రెండున్నర మైళ్ల లోతు. సెలవుల్లో అరిజోనా వెళ్లి గ్రాండ్ కాన్యన్ ముందు ఫోటో దిగినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ స్థాయి లోయ ఒకటి న్యూజెర్సీ బీచీకి ఎదురుగా నీళ్ల కింద ఉందని మాత్రం ఎడిసన్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లకి కూడా తెలియకపోవచ్చు.

అది ఎలా వచ్చిందంటే, మంచుయుగం చివర్లో, సుమారు 20 వేల ఏళ్ల కిందట, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తక్కువ. ఇప్పుడు నీళ్ల కింద ఉన్న నేలంతా అప్పుడు బయటే ఉండేది. హడ్సన్ నది దాని మీదుగా పారి దాదాపు ఆ అంచు దాకా వెళ్లేది. నది మోసుకొచ్చిన ఇసుకా బురదా అంచు మీంచి జారుతూ, కిందకి దూకుతూ లోయని ఇంకా లోతుగా కోశాయి. జర్మనీ నుంచి వలస వచ్చిన అడాల్ఫ్ లిండెన్‌కోల్ అనే ఆయన, 1880లలో అమెరికా తీర సర్వే ఆఫీసులో లోతు కొలతలన్నీ కాగితం మీద పెట్టి, ఇక్కడ మునిగిపోయిన నది దారి ఉందని చూపించాడు. దక్షిణంగా ఉన్న ఇంకో లోయకి ఆయన పేరే పెట్టారు. ఇవాళ ట్యూనా కోసం వెళ్లే పడవలవాళ్లు హడ్సన్, టామ్స్, లిండెన్‌కోల్, విల్మింగ్టన్, బాల్టిమోర్ అని ఆ లోయల పేర్లు మనం బస్టాపుల పేర్లు చెప్పినట్టు చెబుతారు. లిండెన్‌కోల్ ఎవరని అడిగితే ఎంతమంది చెప్పగలరో!

చేపలు అక్కడే ఎందుకు చేరతాయన్నది అసలు ప్రశ్న. దక్షిణం నుంచి వచ్చే గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి ప్రవాహం కాస్త దూరంలో పోతూ, అప్పుడప్పుడూ పెద్ద సుడిగుండంలా ఒక ముక్కని విడగొట్టి తీరం వైపు తోస్తుంది. తీరం దగ్గర నీళ్లు చల్లగా, ఆకుపచ్చగా ఉంటాయి. సుడితో వచ్చినవి వెచ్చగా, నీలంగా ఉంటాయి. ఆ రెండూ కలిసేచోట చిన్న చేపలు, స్క్విడ్‌లు గుంపు కడతాయి. లోయ గోడలకి తగిలిన ప్రవాహాలు కింది నీళ్లని పైకి తోస్తే మేత ఇంకా పెరుగుతుంది. ఆ మేత వెనకాలే ఎల్లోఫిన్, బిగ్‌ఐ, ఆల్బకోర్, బ్లూఫిన్ రకాల ట్యూనాలొస్తాయి. పడవవాళ్లు పగలు ఉత్తుత్తి ఎరలు కట్టి లాక్కుంటూ తిరుగుతారు. రాత్రి లైట్లేసి, ఇంజను ఆపి, బటర్‌ఫిష్ ముక్కలు ఒక్కొక్కటీ నీళ్లలోకి వదులుతూ కూర్చుంటారు. ఒకప్పుడు లోరాన్ రేడియో సిగ్నళ్లతో దారి చూసుకునేవాళ్లు. తర్వాత జీపీఎస్, ఉపగ్రహాలు చూపించే నీటి వేడి మ్యాపులు వచ్చాయి.

ఈ చేపల్లో చరిత్ర ఎక్కువున్నది బ్లూఫిన్‌కే. పెద్ద చేపని గాలపు కర్రతో పట్టడం మొదట్లో డబ్బున్నవాళ్ల సరదా. 1898లో కాలిఫోర్నియా కాటలీనా దీవిలో చార్లెస్ హోల్డర్ 183 పౌండ్ల ట్యూనాని పట్టి, అదే ఏడు అక్కడ ట్యూనా క్లబ్ పెట్టాడు. 1924లో నవలా రచయిత జేన్ గ్రే కెనడాలోని నోవాస్కోషియాలో 758 పౌండ్ల బ్లూఫిన్ పట్టాడు. 1933లో ఇంగ్లండ్‌లోని స్కార్‌బరో దగ్గర మిచెల్-హెన్రీ 851 పౌండ్లది పట్టాడు. 1979లో నోవాస్కోషియాలోనే కెన్ ఫ్రేజర్ పట్టింది 1,496 పౌండ్లు, అంటే మన లెక్కలో 679 కిలోలు. ఆ రికార్డు ఇప్పటికీ పేరుమోసినదే.

మరి పట్టిన చేపని ఏం చేసేవాళ్లు? తూచేవాళ్లు, పక్కన నిలబడి ఫోటో దిగేవాళ్లు. అమెరికాలో అప్పట్లో బ్లూఫిన్ మాంసం ఎవరికీ పెద్దగా నచ్చేది కాదు. పౌండుకి కొద్ది సెంట్లిచ్చి పిల్లుల తిండి డబ్బాల ఫ్యాక్టరీలు కొనేవి, లేకపోతే పారేసేవాళ్లు. మన వైపు అనకాపల్లి జిల్లా పూడిమడకలో అయితే చిన్న ఫైబర్ బోటులో నడిసముద్రానికి వెళ్లి, చేత్తో తాడు పట్టుకుని ఎల్లోఫిన్‌ని లాగే మత్స్యకారులున్నారు. వాళ్లకి అది ఏనాడూ ఆట కాదు, ఆ రోజు కూలి. రెండూ ట్యూనాలే, అదే లాగుడు. ఒకచోట సరదా, ఇంకోచోట పొట్టకూడు.

బ్లూఫిన్ రాత మార్చింది మాత్రం జాలరీ కాదు, క్రీడాకారుడూ కాదు. ఒక కార్గో ఉద్యోగి. 1970ల మొదట్లో జపాన్ విమానాలు ఎలక్ట్రానిక్ సామాన్లు నింపుకుని ఉత్తర అమెరికాకి వచ్చేవి, తిరిగి పోయేటప్పుడు పొట్ట ఖాళీగా పోయేవి. తిరుగుదారిలో ఏదైనా సరుకు వెతకమని జపాన్ ఎయిర్‌లైన్స్ వాళ్లు అకీరా ఒకజాకీ అనే ఉద్యోగికి పని అప్పజెప్పారు. కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి దగ్గర పారేస్తున్న బ్లూఫిన్‌లు అతని దృష్టిలో పడ్డాయి. అప్పటికి జపాన్‌లో కొవ్వెక్కువున్న ట్యూనా మాంసానికి రుచి మరిగారు. 1972 ఆగస్టు 14న అలా ఐసులో పెట్టి పంపిన చేపలు టోక్యో త్సుకిజీ మార్కెట్లో వేలానికి వచ్చాయి. గల్ఫ్‌లోనో ఇంకెక్కడో కార్గోలో పనిచేసేవాళ్లు ఈ లెక్కని మనకంటే బాగా పట్టుకుంటారు: ఖాళీగా పోయే జాగా అంటే పోయే డబ్బే.

ఆ తర్వాత పిల్లి మేత బంగారమైంది. సరదాకి పట్టినవాళ్లూ అమ్మడం మొదలుపెట్టారు. కిలోమీటర్ల కొద్దీ తాళ్లకి గాలాలు కట్టే పెద్ద లాంగ్‌లైన్ ఓడలు బ్లూఫిన్ గుడ్లు పెట్టే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోకే వచ్చాయి. కొన్నేళ్లలో పశ్చిమ అట్లాంటిక్‌లో బ్లూఫిన్ దారుణంగా పడిపోయింది. అట్లాంటిక్ ట్యూనాలని చూసే అంతర్జాతీయ సంస్థ ఇకాట్, 1981లో సముద్రం మధ్యన 45 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఒక గీత గీసింది. గీతకి ఇటువైపు చేపలు వేరు, అటువైపు చేపలు వేరు, కోటాలు వేరు. ఇటువైపు కోటా బాగా తగ్గించారు. అటువైపు, అంటే మధ్యధరా సముద్రం వైపు, వేట మాత్రం ఏళ్ల తరబడి జోరుగా సాగింది.

చేపకి గీత కనపడదు కదా. వీసా అక్కర్లేకుండానే అది అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆ సంగతి బయటపడటంలో సరదా జాలర్ల చెయ్యి కూడా ఉంది, అందుకే వాళ్లని ఊరికే తీసిపారేయలేం. మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్‌లో ఫ్రాంక్ మాథర్ 1954లో ఒక పని మొదలుపెట్టాడు. పట్టిన చేపని చంపకుండా, వీపులోకి నంబరున్న చిన్న బిళ్ల గుచ్చి వదిలేయమని గాలం వేసేవాళ్లని అడిగాడు. ఇక్కడ బిళ్ల తగిలించిన చేపలు కొన్ని ఐరోపా వైపు దొరికాయి. 1990లలో బార్బరా బ్లాక్ బృందం నార్త్ కరోలినా దగ్గర ఎలక్ట్రానిక్ ట్యాగులు పెట్టడం మొదలుపెట్టాక, మధ్యధరాలో పుట్టినవీ గల్ఫ్‌లో పుట్టినవీ ఒకేచోట కలిసి మేస్తున్నాయని ఇంకా స్పష్టంగా తేలింది. అంటే ఇటువైపు వదిలేసిన చేపనే అటువైపు పట్టేసుకోవచ్చు. ఇటువైపు జాలరి పస్తులుండి కాపాడింది అటువైపు వలలో పడొచ్చు. కోటా కోత పడ్డవాళ్ల కోపం ఊరికే వచ్చింది కాదు.

ఇంకో మలుపు 2016లో వచ్చింది. అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త డేవిడ్ రిచర్డ్‌సన్ బృందం, గల్ఫ్ స్ట్రీమ్‌కీ ఈ తీరపు అంచుకీ మధ్యనున్న స్లోప్ సీ అనే నీళ్లలో 2013లో బ్లూఫిన్ పిల్లలు దొరికాయని ప్రకటించింది. అంటే కాన్యన్లకి అవతలున్న నీళ్లే. అంతవరకూ ఇవి మేతకొచ్చే పచ్చిక బయలు అనుకునేవాళ్లు. ఇక్కడ పుట్టేవి కూడా ఉన్నాయని తేలింది. గల్ఫ్, మధ్యధరా అని రెండే పుట్టిళ్లు రాసిపెట్టిన లెక్క అక్కడితో కదిలింది. ఈ కొత్త పుట్టిల్లు ఎంత పెద్దది అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన నడిచింది.

2021లో ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ బ్లూఫిన్‌ని ప్రమాదపు జాబితాలోంచి దించి ‘పెద్ద ఆందోళన లేదు’ అనే వరసలో పెట్టింది. తూర్పు వైపువి పెరిగాయి గనకే. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పుట్టే పశ్చిమ చేపలు నలభై ఏళ్లలో సగానికి పైగా తగ్గాయని అదే ప్రకటనలో ఉంది. ఆ రెండో వాక్యం వార్తల్లో పెద్దగా రాలేదు.

ఇవాళ న్యూజెర్సీ నుంచి కాన్యన్‌కి సరదాగా వెళ్తే, మీరు పట్టిన ట్యూనాని అమ్మడానికి లేదు. ఎల్లోఫిన్ అయితే మనిషికి రోజుకి మూడు, ఇంటికి తెచ్చుకుని వండుకోవాలి, అంతే. బ్లూఫిన్‌కి రూలు సీజను మధ్యలో కూడా మారుతుంది, కాబట్టి బయల్దేరే ముందు చూసుకోండి. ఇకాట్ 2022లో కోటా కట్టే పద్ధతి మార్చింది. రెండువైపుల చేపలూ కలుస్తాయన్న సంగతిని ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నారు. 45 డిగ్రీల గీత మాత్రం మ్యాపు మీద అలాగే ఉంది.