పైపుల ఇన్సులేషన్

భవనాల్లో వేడినీళ్ల, చన్నీళ్ల పైపులకు వేసే ఉష్ణనిరోధక తొడుగు. వేడి పైపు విషయంలో దీని పని సూటిగానే ఉంటుంది: వేడి వృథా కాకుండా ఆపడం, తాకితే చెయ్యి కాలకుండా చూడటం. గ్లాస్ వూల్, రాక్ వూల్ వంటివి చుట్టి పైన అల్యూమినియం రేకు కప్పుతారు.

అసలు కష్టం చల్లని పైపుతోనే. సెంట్రల్ ఏసీలో చల్లబరిచిన నీరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ దగ్గర ప్రవహిస్తుంది. విశాఖపట్నం వంటి తీరప్రాంతంలో గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున, దాదాపు 26 డిగ్రీలకు చల్లబడిన ఏ తలం మీదైనా నీరు పడుతుంది. కాబట్టి తొడుగు పైతలం అంతకంటే వెచ్చగా ఉండేలా మందం లెక్కిస్తారు. లోపలికి ఆవిరి చొరబడని నైట్రైల్ రబ్బరు ఫోమ్ వాడి, అతుకులన్నీ జిగురుతో మూస్తారు. ఒక్క అతుకు విడినా చాలు, ఆవిరి పైపును చేరి నీరవుతుంది. ఇనుము తుప్పు పడుతుంది, ఫాల్స్ సీలింగ్ మీద పసుపు మరకలు తేలతాయి. ఈ లోపం ఎక్కువగా క్లాంపుల దగ్గరే కనిపిస్తుంది. పైపు బరువుకు మెత్తని ఫోమ్ నలిగిపోకుండా అక్కడ గట్టి దిమ్మె పెట్టాలి.

స్ప్లిట్ ఏసీ రాగి గొట్టాల మీది నల్లటి తొడుగు ఎండకు పెళుసై చిట్లుతుంది. ఆరుబయట దానిపై టేపో, కేసింగో తప్పనిసరి.