ఫ్రెంచి వేట తుపాకుల గొట్టాలపై ముద్రలు

ఫ్రాన్సులో తయారైన పాత జంటగొట్టాల వేట తుపాకులపై కనిపించే పేర్లు, అక్షరాలు, అంకెలు, బొమ్మలు ఆ తుపాకీ పుట్టుపూర్వోత్తరాలను తెలుపుతాయి. వీటిలో తయారీదారు ముద్ర, పరీక్షా ముద్ర అని రెండు ముఖ్యమైన రకాలున్నాయి. మొదటిది ఎవరు చేశారో చెబుతుంది; రెండవది గొట్టం ఎంత ఒత్తిడికి తట్టుకుందో చెబుతుంది. ఈ తేడా తెలియకపోతే తుపాకీని గుర్తించడంలోనే గాక వాడడంలోనూ ప్రమాదమున్నది.

తయారీదారు ముద్రలు

ఫ్రాన్సులో ఆయుధ పరిశ్రమకు సెయింట్ ఎతియెన్ నగరం ప్రధాన కేంద్రము. అక్కడ గొట్టాలు చేసేవారు వేరు, తుపాకీని కూర్చేవారు వేరు, అమ్మేవారు వేరు. కనుక రెండు గొట్టాల నడుమ ఉండే పట్టీపై చెక్కిన పేరు చాలాసార్లు దుకాణదారునిదే అయి ఉంటుంది. గొట్టం చేసినవాని గుర్తు గొట్టాల అడుగున, తూటా గది వద్దనున్న చదును భాగంలో కనిపిస్తుంది. దానిని చూడడానికి గొట్టాలను కొయ్య నుండి విడదీయాలి. 19వ శతాబ్దంలో పారిస్‌కు చెందిన లియోపోల్ బెర్నార్ చేసిన గొట్టాలను ఇతర తుపాకీ తయారీదారులు కూడా వాడేవారు. 1885లో స్థాపించబడిన మాన్యుఫ్రాన్స్ సంస్థ 'ఇదేయల్', 'రోబ్యూస్ట్' అనే రకాలకు ప్రసిద్ధి చెందినది. ఈ సంస్థ 1980లలో మూతపడినది.

చెక్కడాలలో తరచుగా కనిపించే ఫ్రెంచి మాటలు: 'కానొన్' అనగా గొట్టం, 'ఆసియే' అనగా ఉక్కు, 'బ్రెవతే' అనగా పేటెంటు పొందినది.

పరీక్షా ముద్రలు

వ్యాపార ఆయుధాలను పరీక్షించాలని 1810లో నెపోలియన్ ప్రభుత్వం శాసించినది. 1885 చట్టంతో పరీక్ష ఐచ్ఛికమైనది. 1960లో మళ్ళీ తప్పనిసరి చేయబడినది. అందువలన ఈ మధ్యకాలపు తుపాకీపై పరీక్షా ముద్ర లేనంత మాత్రాన అది నకిలీ కాజాలదు. అయితే దాని బలానికి హామీ కూడా లేనట్లే.

సెయింట్ ఎతియెన్ ముద్రలో కిరీటము, ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉంచిన రెండు ఖర్జూర మట్టలు ఉంటాయి. ఇవి ఆ నగర చిహ్నంలోనివే. 'పి.టి.' అనే అక్షరాలుంటే గొట్టాన్ని 'టి' రకపు పొగరాని మందుతో పరీక్షించారని అర్థం. అండాకారంలో 'ఇ.ఎల్.జి.' అక్షరాలుంటే అది బెల్జియంలోని లీజ్ నగరపు ముద్ర. ఫ్రెంచి దుకాణం పేరున్నా ఆ గొట్టం అక్కడ పరీక్షించబడినదే.

అంకెలు

'16' అనునది కాలిబర్. ఒక పౌను సీసాన్ని 16 సమానమైన గుండ్లుగా చేస్తే ఒక్కొక్క గుండు వ్యాసం సుమారు 16.8 మి.మీ. ఉంటుంది. ఫ్రెంచివారు దశాంశ బిందువుకు బదులు కామా వాడతారు కనుక ఈ కొలత '16,8' అని కనిపిస్తుంది. '65' లేదా '70' అని ఉంటే అది తూటా గది పొడవు, మి.మీ.లలో.

జాగ్రత్తలు

ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టాలపై అలల వంటి చారలుంటాయి. వీటిలో అధికభాగం నల్ల తుపాకీమందు కాలం నాటివి. 65 మి.మీ. గదిలో 70 మి.మీ. తూటా పేల్చినచో ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చును. ముద్ర గొట్టం పరీక్షింపబడిన నాటి స్థితిని మాత్రమే తెలుపుతుంది. తరువాత పట్టిన తుప్పును, లోపల చేసిన అరగదీతను తెలుపదు. కనుక ఎంత పేరున్న తయారీదారు ముద్ర ఉన్నప్పటికీ, నిపుణుడు పరీక్షించనిదే పాత తుపాకీని పేల్చరాదు.