దగ్గమన్న పరీక్ష

అలిపిరి మెట్లెక్కే ముందురోజు నుంచే మా అత్త నీళ్లు తాగడం మానేసేది. ఉపవాసమనుకునేవాళ్లం. దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతుందనీ, పాతచీర గుడ్డ మడిచి పెట్టుకుంటుందనీ చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అడిగితే, "ఎవురికని చెప్పుకునేదిమే ఇట్లాంటివి?" అనింది.

ఈ సిగ్గు పాతది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మా ఊళ్లూ వేలూరూ ఒకే ఉత్తర ఆర్కాటులో ఉండేవి. 1900లో ఐడా స్కడర్ వేలూరులో ఒక్క మంచంతో ఆసుపత్రి మొదలుపెట్టింది. మగ డాక్టరును కాన్పు గదిలోకి రానివ్వక ఆడవాళ్లు చనిపోవడం ఆమెకు అనుభవంలో తెలుసు.

అత్తకు ఆపరేషన్‌కు ముందు యూరోడైనమిక్స్ పరీక్ష రాశారు. మూత్రాశయంలోకి ఒక సన్నటి గొట్టం, మలద్వారంలోకి ఇంకొకటి పెడతారు. సెలైన్ మెల్లగా నింపుతూ దగ్గమంటారు. మూత్రాశయంలోని ఒత్తిడిలోంచి కడుపు ఒత్తిడి తీసేస్తే, కండరం సొంత ఒత్తిడి తేలుతుంది. కండరం కదలకుండానే దగ్గుకు మూత్రం కారితే, నాళానికి దన్ను తగ్గినట్టు. దానికి టేపు వేసే ఆపరేషన్ ఉంది. కండరమే అదుపు తప్పి ముడుచుకుంటుంటే ముందు మందులూ, ఆపుకునే అభ్యాసమూ.

ఈ కొలత కథలో 1882 నాటి ఇటలీ ఒక మజిలీ. మోస్సో, పెల్లకాని అనే ఇద్దరు ఆడవాళ్ల మూత్రాశయ ఒత్తిడిని గీతలుగా నమోదు చేశారు. మాటకీ ఆలోచనకీ కూడా అది ముడుచుకుంటుందని గమనించారు. 1927లో అమెరికాలో డి.కె. రోజ్ సిస్టోమీటర్ తెచ్చాడు. 'యూరోడైనమిక్స్' అన్న పేరు 1954లో డేవిస్ పెట్టాడు.

తర్వాత ఈ పరీక్ష ఆపరేషన్‌కు ముందు మామూలైపోయింది. అందరికీ కావాలా అని అమెరికాలో 630 మంది ఆడవాళ్ల మీద చూశారు. వాళ్లందరికీ ప్రధానంగా దగ్గుకూ తుమ్ముకూ కారే ఇబ్బందే, వేరే చిక్కుల్లేవు. 2012లో ఫలితాలొచ్చాయి. పరీక్ష చేయించుకున్నవాళ్లలో 76.9 శాతం, డాక్టరు మాటలడిగి, దగ్గించి చూసినవాళ్లలో 77.2 శాతం ఏడాది తర్వాత బాగుపడ్డారు. అంటే చిక్కులేని జబ్బుకు ఆ గొట్టాలు అక్కర్లేదు. ఇదివరకే ఆపరేషన్ అయినవాళ్లకూ, మూత్రం పూర్తిగా ఖాళీ కానివాళ్లకూ, రెండు రకాలూ కలిసినవాళ్లకూ పరీక్షతో పని ఉండొచ్చు.

అత్తది రెండూ కలిసిన రకమే. ఆపరేషన్ ఆపి, మందులిచ్చారు. డాక్టరమ్మ ముందు మొదటిసారి నోరు విప్పిన రోజు, అరగంట ఆపకుండా చెప్పింది.

మొన్న మళ్లీ మెట్లెక్కాం. గాలిగోపురం దగ్గర నా చేతిలో సీసా లాక్కుని గటగటా తాగేసింది.