పెంఫిగస్: చర్మకణ సంలగ్నత పరిశోధనా చరిత్ర

పెంఫిగస్ అనునది చర్మముపైనను, నోటిలోని శ్లేష్మపొరయందును బొబ్బలు లేచి, చిట్లి, పుండ్లై వ్యాపించు తీవ్రవ్యాధి. బాహ్యచర్మ కణములు ఒండొంటిని పట్టుకొనియుండు విధానమును శాస్త్రజ్ఞులు గ్రహించుటకు తోడ్పడిన రోగములలో ఇది అగ్రగణ్యము.

1791లో జర్మను వైద్యుడు విక్‌మన్ దీర్ఘకాలికమైన బొబ్బల వ్యాధికి ఈ పేరు వాడెను. 1881లో ఆస్పిట్జ్, కణముల నడుమ పట్టు సడలి అవి విడివడుటను అకాంథోలైసిస్ అనెను. 1896లో నికోల్‌స్కీ, బొబ్బలేని చోట, చూపునకు ఆరోగ్యముగానే కనబడు చర్మమును వ్రేలితో గట్టిగా ఒరసినపుడు పైపొర జారిపోయి, తడిసిన యెఱ్ఱని తలము బయటపడుటను వర్ణించెను. ఉపకరణమేదియు నక్కరలేని ఆ పరీక్షను వైద్యులు నేటికిని చేయుచున్నారు.

1953లో వాల్టర్ లీవర్, బాహ్యచర్మములోపలనే కణములు విడివడు పెంఫిగస్‌ను, బాహ్యచర్మమంతయు అడుగునుండి లేచిపోవు బుల్లస్ పెంఫిగాయిడ్‌నుండి వేఱుపఱచెను. సూక్ష్మదర్శిని క్రింద ఓపికతో చేసిన యీ విభజనయే లేకున్నచో, తరువాతి పరిశోధకులు రెండు వ్యాధుల రక్తమును కలగలిపి పరీక్షించి దారి తప్పియుండెడివారు.

1964లో బఫెలో నగరమున బ్యూట్నర్, జోర్డన్‌లు, రోగుల రక్తరసమునందలి ప్రతిరక్షకములు చర్మకణముల నడిమి సందులలో అంటుకొనుచున్నవని కనుగొనిరి. అవి వ్యాధికి హేతువో, ఫలమో అను సంశయము 1982లో తీఱెను: ఆన్‌హాల్ట్, డియాజ్ ప్రభృతులు రోగుల ప్రతిరక్షకములను అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల కెక్కింపగా, వానికిని బొబ్బలు లేచెను.

ఆ ప్రతిరక్షకములు దెబ్బతీయు పదార్థమేది? 1991లో అమగాయ్, స్టాన్లీ ప్రభృతులు, రోగి ప్రతిరక్షకములనే శోధనసాధనముగా గైకొని దాని జన్యువును వెలికిదీసిరి. అది జపానుదేశీయుడైన టాకెయిచీ గుర్తించిన, కాల్షియము నాశ్రయించి కణములను బంధించు కాడ్హెరిన్ కుటుంబమునకు చెందిన డెస్మోగ్లీన్ 3 అని తేలెను. పెంఫిగస్ ఫోలియేషియస్ అను రకమున డెస్మోగ్లీన్ 1 మాత్రమే దెబ్బతినును; నోటిపొరలో డెస్మోగ్లీన్ 3 సమృద్ధిగా నుండి పట్టు నిలుపుటచే, ఆ రోగుల నోట పుండ్లు పుట్టవు. వైద్యులు చిరకాలముగా చూచుచున్న భేదమునకు ఇంత చక్కని సమాధానము లభించుట ఈ చరిత్రలోకెల్ల మనోహరమైన ఘట్టము. 2000లో, శిశువుల చర్మమున బొబ్బలు పుట్టించు స్టెఫిలోకాకస్ విషముకూడ ఈ డెస్మోగ్లీన్ 1నే ఖండించునని అమగాయ్ బృందము నిరూపించెను.

కార్టికోస్టెరాయిడ్‌లకు పూర్వము ఈ రోగులలో అధికులు మరణించెడివారు. ప్రతిరక్షకముల పుట్టుకకు మూలమైన బి కణములను తగ్గించు రిటుక్సిమాబ్‌ను 2018లో అమెరికా ప్రభుత్వము పెంఫిగస్ వల్గారిస్ అను రకపు చికిత్సకు ఆమోదించినది.